ఆయిలింజను మితిమీరి కాగినచో చేయవలసిన పని

నూతియొద్ద ఆయిలింజను మితిమీరి కాగినయెడల దానిపై చన్నీళ్లు గ్రుమ్మరింపరాదు. కాగిన పోతయినుము హఠాత్తుగా చల్లబడిన పగులును. పగిలిన హెడ్డును మార్చువఱకు పైరునకు నీరుండదు. ఇంజను నాపి, దానంతట చల్లారనిచ్చి, కారణము వెదకవలెను.

మొదట నూనె మట్టము చూడుడు. పిమ్మట ఇంజను నడిపి, చల్లార్చు నీరు వెలువడు గొట్టమును గమనింపుడు. ధార సన్నగిలినచో గొట్టములో ఒండ్రుగాని నాచుగాని చేరియుండును, విప్పి కడుగుడు. ధార నిండుగా వచ్చుచు, నీరు గోరువెచ్చగానే యుండి, ఇంజను మాత్రము కాలుచున్నచో లోపల సున్నపు పొర కట్టినదని గ్రహింపవలెను. ఆ పొర వేడిని నీటికి చేరనీయదు. మేస్త్రీచేత హెడ్డు విప్పించి గీకింపుడు. ఇవన్నియు సరిగానుండియు నల్లపొగ వచ్చుచున్నచో ఇంజనుపై బరువు మించినదేమో చూడుడు.

ఇంజను నడుచునంతసేపు గంటకొకమారు ఆ ధారను చేతితో తాకి చూడవలెనని మా మనవి.