ట్యాంకులో నీళ్లున్నాయి, నల్లా రావట్లేదు

కొత్తగూడ ఫ్లైఓవర్ నీడలో మొబైళ్లు రిపేరు చేసే కుర్రాడు ఏ ఫోన్ తెచ్చినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అప్‌డేట్ కొట్టిన్రా సార్?" కొట్టామని ఒప్పుకుంటే "గంతే ఇగ" అని తల ఊపి హాట్ గన్ అందుకుంటాడు. మా అమ్మ ఫోన్ పట్టుకెళ్లిన రోజూ అదే జరిగింది.

జబ్బు ఇది. తెర మీద 37 శాతం ఉంటుంది. మా చెల్లి వీడియో కాల్ చేస్తుంది. అమ్మ ఎత్తగానే స్విచాఫ్. చార్జర్ గుచ్చి ఆన్ చేస్తే, నిమిషం తిరక్కుండా మళ్లీ 36 శాతం! అంటే చార్జింగ్ ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. అమ్మ మాత్రం తేల్చేసింది: "నువ్వు ఆ అప్‌డేట్ వేసిన కాడినుంచే ఇట్లయింది." వేసింది నేనే, పది రోజుల ముందు. ఫోన్ ఏ కంపెనీదో చెప్పను గానీ, కొని నాలుగేళ్లు దాటింది.

తమాషా ఏమిటంటే, అప్‌డేట్లు రాసేవాళ్లూ, వాటిని నడిపే చిప్పులు తయారుచేసేవాళ్లూ మా చుట్టుపక్కలే ఉంటారు. కొండాపూర్ వైపు దివ్యశ్రీ ఒమెగాలో గూగుల్, రాయదుర్గం వైపు క్వాల్‌కామ్. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఈ సంగతి ఎత్తితే సాఫ్ట్‌వేర్ వాళ్లు బ్యాటరీని తిడతారు, హార్డ్‌వేర్ వాళ్లు కోడ్‌ని తిడతారు. సూటిగా అడిగింది మాత్రం పై ఫ్లాట్‌లో పదో తరగతి చదివే పిల్లాడు. "అంకుల్, సాఫ్ట్‌వేర్ అంటే రాతే కదా. రాత పోయి రసాయనాన్ని ఎట్ల పాడు చేస్తది?"

ఆ ప్రశ్నకి నా వారం రోజులు పోయాయి.

మొదట ఆ 37 అనే అంకె సంగతి చూద్దాం, నాకు భలే ఇష్టమైన అంకె అది. బ్యాటరీలో ఎంత మిగిలిందో తొంగి చూసే కిటికీ ఏదీ లేదు. పెట్రోలు ట్యాంకులో అయితే తేలే బిళ్ల ఉంటుంది. లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్య నక్కి కూర్చుంటాయి, వాటిని ఎవరు లెక్కపెట్టాలి? అందుకని ఫోన్‌లో ఒక గుమాస్తా చిప్ ఉంటుంది. దాన్ని ఫ్యూయల్ గేజ్ అంటారు. కరెంటు వెళ్లే దారిలో చిన్న నిరోధం ఒకటి, పది మిల్లీఓమ్‌ల ప్రాంతంలో, అడ్డంగా కూర్చోబెడతారు. ఒక ఆంపియర్ ప్రవహిస్తే దాని రెండు కొసల మధ్య వోల్టులో నూరో వంతు తేడా వస్తుంది. గుమాస్తా ఆ తేడాని రాత్రీ పగలూ కొలుస్తూ, కూడుతూ, పాలవాడు గోడ మీద గీతలు గీసినట్టు "ఇంత పోయింది, ఇంత వచ్చింది" అని పద్దు రాస్తుంది. దీన్నే కూలుంబ్ లెక్కింపు అంటారు.

పద్దుల్లో చిన్న చిన్న తప్పులు పోగుపడతాయి కదా. దానికీ విరుగుడుంది. ఫోన్ ఏ పనీ లేకుండా పడుకున్నప్పుడు గుమాస్తా బ్యాటరీ వోల్టేజీ చూసుకుని, తన దగ్గరున్న పట్టికతో సరిచూసి పద్దు దిద్దుకుంటుంది. ఈ గేజ్ చిప్పుల్లో తొలితరం వాటిని బెంచ్‌మార్క్ (Benchmarq) అనే చిన్న కంపెనీ చేసేది. ఆ కంపెనీ చేతులు మారి చివరికి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో కలిసిపోయినా, దాని పేరులోని 'బీక్యూ' అక్షరాలు ఈరోజుకీ వాళ్ల గేజ్ చిప్పుల పేర్ల ముందు ఉంటాయి. ఇంటిపేరు మాత్రం మిగిలిపోయింది.

గుమాస్తా నిజాయితీపరురాలే. "37 శాతం సరుకుంది" అంది, సరుకు ఉంది. మరి ఫోన్ ఎందుకు ఆరిపోయింది?

కొత్తగూడలో బోరు నీళ్లు వాడే ఎవరికైనా జవాబు తెలిసే ఉంటుంది. మేడ మీద ట్యాంకు సగం నిండే ఉంటుంది, నల్లా తిప్పితే సన్నటి దార. ఏళ్ల తరబడి ఉప్పు నీళ్లు పారి పారి పైపు లోపల తెల్లగా సున్నం కట్టి, వేలు పట్టే సందు అగ్గిపుల్ల పట్టే సందైపోతుంది. ఒక్క నల్లా సన్నగా తిప్పితే పర్వాలేదు. వంటింట్లోనూ స్నానాల గదిలోనూ ఒకేసారి తిప్పారా, గీజర్‌కి ప్రెషర్ చాలదు.

బ్యాటరీలో కట్టే సున్నానికి రసాయన శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎస్ఈఐ పొర. మొట్టమొదటిసారి చార్జ్ చేసినప్పుడే గ్రాఫైట్ మీద విద్యుద్విశ్లేష్యం కొంచెం విరిగి, నానోమీటర్లలో కొలిచే పలచటి పొర కడుతుంది. అది కట్టకపోతే బ్యాటరీ బతకదు. లోపలి ద్రవాన్ని గ్రాఫైట్ ఇంకా ఇంకా విరగ్గొట్టకుండా కాపాడేది ఆ పొరే. కానీ అది అక్కడితో ఆగదు. చార్జింగ్ ఎక్కి దిగినకొద్దీ, వేడి తగిలినకొద్దీ మందమవుతూనే ఉంటుంది. మందమయ్యే ప్రతిసారీ కాస్త లిథియాన్ని తనలో బంధించేస్తుంది, అంటే ట్యాంకే చిన్నదవుతుంది. అయాన్లు దాటాల్సిన దారీ ఇరుకవుతుంది. పాజిటివ్ ధ్రువం వైపు కూడా ఇలాంటి ముసలితనమే వస్తుంది. రెండూ కలిసి పెంచేది అంతర్నిరోధం. పదో తరగతి పిల్లాడికి ఓమ్ సూత్రం వచ్చు. అంతర్నిరోధం సంగతి నేను చెప్పాను.

చెప్పడమెందుకు, కొలుద్దామనుకున్నాం. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి రెండు ఓమ్‌ల, పది వాట్ల సిరామిక్ నిరోధం ఒకటి తెచ్చాను, చాక్‌పీసు ముక్కలా తెల్లగా ఉంటుంది. రిపేరు కుర్రాడు అమ్మ ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేసే ముందు పాతదీ కొత్తదీ రెండూ ఒక గంట నాకు అప్పిచ్చాడు. పాతది ఉబ్బలేదు. ఉబ్బి ఉంటే ముట్టుకునేవాణ్నే కాదు. రెండిటినీ ఒకే వోల్టేజీకి తెచ్చాం: 3.84. పాతదానికి నిరోధం తగిలించగానే మల్టీమీటర్ అంకె జారి 3.37 దగ్గర నిలిచింది. కొత్తదానికి తగిలిస్తే 3.71. పిల్లాడు నోటు పుస్తకంలో భాగహారం చేశాడు. పాతదాని అంతర్నిరోధం 0.28 ఓమ్. కొత్తదానిది 0.07. నాలుగింతలు! ఈలోగా నిరోధం వేలు పెట్టలేనంత వేడెక్కింది.

ఇప్పుడు వీడియో కాల్ సంగతి చూడండి. కెమెరా, తెర, రేడియో, ప్రాసెసర్ అన్నీ ఒక్కసారి లేస్తాయి. రెప్పపాటు కాలం నాలుగు ఆంపియర్లు లాగాయనుకుందాం. కొత్త బ్యాటరీలో 0.28 వోల్టు తరుగు, ఇంకా 3.56 మిగులుతుంది, ఫోన్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పాతదాంట్లో 1.12 వోల్టు తరుగు, మిగిలేది 2.72. దాదాపు మూడు వోల్టుల కిందికి దిగితే ఫోన్ లోపలి సర్క్యూట్లు నిలబడలేవు. అంతే, స్విచాఫ్. ఆరిపోగానే కరెంటు లాగేవాడు లేడు, వోల్టేజీ మళ్లీ పైకి లేస్తుంది. చార్జర్ పెడితే 36. అమ్మ ఫోన్ భూతవైద్యం అంతా ఇంతే.

మరి అప్‌డేట్ పాత్ర? ఉంది, కానీ రిపేరు కుర్రాడు అనుకునే చోట కాదు. అప్‌డేట్ వేసిన మొదటి రెండు మూడు రోజులు ఫోన్ తెరవెనక ఇల్లు సర్దుకుంటుంది. యాప్‌లన్నిటినీ మళ్లీ కంపైల్ చేస్తుంది, ఫొటోల్లో మొహాలు గుర్తుపట్టి సూచిక కట్టుకుంటుంది. చార్జింగ్ తొందరగా దిగిపోయేది అప్పుడే. సర్దుడు అయిపోగానే పోతుంది ఆ బాధ. కానీ కొత్త సాఫ్ట్‌వేర్ అంటే కొత్త అద్దెవాళ్లు దిగినట్టే, నల్లాలు నాలుగు ఎక్కువ తిప్పుతారు. పైపు బాగుంటే ఎవరికీ తెలియదు. సున్నం పట్టిన పైపైతే ఆ రోజే బయటపడుతుంది, మాట మాత్రం అద్దెవాళ్ల మీదికి వస్తుంది. పిల్లాడి ప్రశ్నకి నేరుగా జవాబు కూడా చెప్పాలి కాబట్టి: రాత వల్ల రసాయనం పాడవుతుంది, కానీ చుట్టుదారిన. ఎక్కువ తాగే సాఫ్ట్‌వేర్ అంటే ఎక్కువ వేడి, ఎక్కువ సార్లు చార్జింగ్. ఐఫోన్ 14 వరకు వచ్చిన తన ఫోన్ల బ్యాటరీలు 500 పూర్తి చక్రాల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా చేశామని యాపిలే అంటుంది. ఆ 500 మూడేళ్లలో అవుతాయా, ఏడాదిన్నరలోనా అన్నది సాఫ్ట్‌వేర్ చేతిలోనూ ఉంది. మే నెల ఎండలో కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఫుడ్ డెలివరీ కుర్రాళ్లని చూడండి. హ్యాండిల్‌కి బిగించిన ఫోన్, దాంట్లో మ్యాప్, కింద పవర్‌బ్యాంక్. బ్యాటరీని హింసించాలంటే ప్రయోగశాలలో కూడా ఇంతకంటే మంచి ఏర్పాటు చెయ్యలేరు.

ఉల్టా కూడా జరుగుతుంది. 2015లో ఆండ్రాయిడ్ మార్ష్‌మాలో తెచ్చిన 'డోజ్' వల్ల బల్ల మీద పడి ఉన్న ఫోన్ చార్జింగ్ ఎక్కువసేపు నిలిచింది, అదీ అప్‌డేటే. దాన్ని మెచ్చుకుంటూ ఎవరూ రిపేరు షాపుకి రారు కదా.

అందరి అనుమానాన్నీ నిజం చేసిన కథ మాత్రం యాపిల్‌ది. ఐఫోన్ 6, 6ఎస్ ఫోన్లు అమ్మ ఫోన్ లాగే ఉన్నట్టుండి ఆరిపోతున్నాయి. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1తో ఆ ఆరిపోవడాలు చాలా మటుకు ఆగాయి. ఎలా ఆగాయో ఎవరికీ చెప్పలేదు. అదే ఏడాది డిసెంబరులో గీక్‌బెంచ్ అనే వేగ పరీక్ష తయారుచేసే జాన్ పూల్ చేసిన పని నాకు చచ్చేంత ఇష్టం. ఏ ఫోన్‌నీ విప్పలేదు, ఏ కోడూ చదవలేదు. జనం తమ ఫోన్లలో నడుపుకున్న వేగ పరీక్షల మార్కులన్నీ పోగేసి గ్రాఫు గీశాడు. పాత ఐఓఎస్‌లో 6ఎస్ మార్కులన్నీ ఒకే గుట్టగా 2500 దగ్గర పోగుపడ్డాయి. 10.2.1లో ఆ గుట్టకి ఎడమవైపు చిన్న చిన్న గుట్టలు లేచాయి. 11.2లో అవి ఇంకా పెరిగాయి. మామూలుగా సాఫ్ట్‌వేర్ బరువైతే గుట్ట మొత్తం కాస్త పక్కకి జరగాలి, విడివిడి గుట్టలు లేవకూడదు. విడిగా లేచాయంటే ఎవరో మెట్లు కట్టి వేగం తగ్గిస్తున్నారని అర్థం.

వారం తిరిగేలోపే యాపిల్ ఒప్పుకుంది. వాళ్లు చేసింది మన అపార్ట్‌మెంట్ భాషలో చెప్పాలంటే, అసోసియేషన్ సెక్రటరీ ఫ్లాట్లవాళ్లకి చెప్పకుండా మెట్ల కింద గేట్ వాల్వు సగం తిప్పేశాడు. ఇంజినీరింగ్‌గా చూస్తే తప్పు పట్టలేం. ప్రాసెసర్ వేగం తగ్గిస్తే దానికిచ్చే వోల్టేజీనీ కాస్త తగ్గించవచ్చు. ఖర్చు వోల్టేజీ వర్గంతో ముడిపడి ఉంటుంది కాబట్టి వేగంలో మూడో వంతు కోసుకుంటే లాగే కరెంటు సగానికి దగ్గరగా దిగుతుంది. ఫోన్ నెమ్మదిస్తుంది గానీ ఆరిపోదు. ఆపదలో అంబులెన్సుకి ఫోన్ చేస్తూ ఆరిపోవడం కంటే నత్తనడక నయం, నేనైనా అలాగే చేసేవాణ్ని. చెప్పకపోవడం దగ్గరే నాకూ కోపం. బ్యాటరీ మార్చుకుంటే పాత వేగం తిరిగొస్తుందని తెలియక ఎంతమంది కొత్త ఫోన్ కొనుక్కున్నారో! యాపిల్ క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరని మన దేశంలో 6,500 నుంచి 2,000 రూపాయలకి దించింది, పన్ను అదనం. తర్వాత ఐఓఎస్ 11.3లో బ్యాటరీ ఆరోగ్యం చూపే పేజీ వచ్చింది. 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఆ తర్వాతది గబగబా చెప్పేస్తాను. 2025 జనవరిలో గూగుల్ తన పిక్సెల్ 4ఏకి ఇచ్చిన అప్‌డేట్ కొన్ని ఫోన్లలో కావాలనే బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించింది, వేడెక్కే ప్రమాదం ఉందని. ఈసారి చెప్పి చేశారు, ఉచితంగా బ్యాటరీ మార్పిడి కూడా ఇస్తామన్నారు. అదే ఏడాది జూన్ నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్ల బ్యాటరీలు 800 చక్రాల తర్వాత కూడా 80 శాతం నిలవాలన్న నిబంధన వచ్చింది. మనవైపు 2022లో తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం సెల్స్ తయారీ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అంతకు చాలా ముందే సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో బి.వి.ఆర్. చౌదరి, జి.వి. సుబ్బారావు, ఎం.వి. రెడ్డి ఈ లిథియం బ్యాటరీల నెగటివ్ ధ్రువాలకి వాడదగ్గ ఆక్సైడ్ల మీద 2013లో కెమికల్ రివ్యూస్‌లో పెద్ద సమీక్ష రాశారు. మూడు తెలుగు పేర్లూ ఒక వరుసలో చూసినప్పుడు, ఆ సమీక్షని తెలుగులో కూడా ఒకసారి రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

అమ్మ ఫోన్‌లో కొత్త బ్యాటరీ పడింది. సాఫ్ట్‌వేర్ అదే, వెర్షన్ అంకె కూడా మారలేదు. వీడియో కాల్ 12 శాతం దగ్గర కూడా నడుస్తోంది. రిపేరు కుర్రాడికి మా లెక్కలన్నీ చూపించాను. నోటు పుస్తకం తిరగేసి, "అయితే అప్‌డేట్ కొట్టుమందునా సార్?" అన్నాడు. బ్యాటరీ చూసి కొట్టమన్నాను.

పాత సెల్ పారేయబుద్ధి కాలేదు. పిల్లాడు దానికి వంద ఓమ్‌ల నిరోధం, ఒక ఎర్ర ఎల్ఈడీ తగిలించాడు. లాగేది 20 మిల్లీఆంపియర్లే. 0.28తో గుణిస్తే తరుగు వోల్టులో వెయ్యింట ఆరు వంతులు కూడా లేదు, సున్నం పట్టిన పైపుకి అది లెక్కే కాదు. సెల్ మీద 3000 ఎంఏహెచ్ అని రాసి ఉంది. అంతకు ముందు నెమ్మదిగా ఖాళీ చేసి చూస్తే వచ్చింది 2100. నిండా చార్జ్ చేసి తగిలిస్తే 105 గంటలు వెలగాలని వాడి లెక్క. ఆదివారం పొద్దున తగిలించాం. బుధవారం రాత్రి పన్నెండింటికి మంచినీళ్లకని లేచాను. షెల్ఫు మీద వెలుగుతూనే ఉంది.