సైకిల్ రైడ్‌కు వెళ్తున్నారా? ఒక పని నెత్తినేసుకోండి!

‘టీమ్‌తో కలిసి పనిచేసిన సందర్భం ఒకటి చెప్పండి’... ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాగానే చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు గురించి మొదలుపెడతారు. ‘అందులో మీరు చేసిందేంటి?’ అని రెండో ప్రశ్న పడితే మాత్రం మాట తడబడుతుంది. పెద్ద కంపెనీలు, ఇంటర్న్‌షిప్‌లు దగ్గర్లో దొరకని వనపర్తి లాంటి పట్టణాల్లో చదివేవారికి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. దీనికి ఒక జవాబు మీ ఊరి సైకిల్ షాపు దగ్గరే దొరకొచ్చు.

హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో సైకిల్ షాపులు సెలవు రోజుల్లో గ్రూప్ రైడ్‌లు పెట్టడం మామూలే. తెల్లవారుజామున అందరూ ఒకచోట కలుస్తారు. ఓ పాతిక కిలోమీటర్లు తొక్కి షాపుకి చేరతారు. అక్కడ టిఫిన్, కొత్త సైకిళ్ల టెస్ట్ రైడ్, పంక్చర్ వేయడం నేర్పే క్లాసు... చిన్నపాటి పండుగే. 2024 డిసెంబరులో కేంద్ర క్రీడల శాఖ ఫిట్ ఇండియా కింద సైకిల్ రైడ్‌లు ప్రారంభించాక ఆదివారం సైకిల్ తొక్కడం చిన్న ఊళ్లకూ పాకుతోంది. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం ఎలాగూ ఉంది. 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన రోజది. మీ ఊళ్లో ఇలాంటి పండుగ జరగడం లేదా? అయితే మీరే మొదలుపెట్టొచ్చు.

తొక్కడం కాదు... నడిపించడం

పాతికమంది సైకిళ్లేసుకుని రోడ్డెక్కితే గ్రూప్ రైడ్ అయిపోదు. దాని వెనక పని చాలా ఉంటుంది. ముందు ఒక రైడ్ లీడర్ ఉండాలి. వేగం ఎంతుండాలో, ఎక్కడ ఆగాలో ఆయన చూసుకుంటారు. అందరికంటే చివర ‘స్వీపర్’ ఉంటారు. ఎవరు వెనకబడినా, ఎవరి చైను ఊడినా వాళ్లను వదిలి ముందుకు కదలకపోవడమే స్వీపర్ పని. ఎనిమిది, పది మందికో జట్టు చొప్పున విడగొట్టాలి. ముందున్నవారు గుంత కనబడితే చేయి చూపించాలి, వెనక నుంచి బండి వస్తుంటే చివరివారు కేకేసి చెప్పాలి.

లెక్క కూడా ముఖ్యమే. కొత్తవాళ్లున్న జట్టు గంటకు 15 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే, పాతిక కిలోమీటర్లకు గంటా నలభై నిమిషాలు పడుతుంది. దారిలో రెండు పంక్చర్లు, ఒక టీ బ్రేక్ వేసుకుంటే రెండున్నర గంటలు. ఎండ ముదరకముందే, అంటే ఎనిమిదింటికల్లా షాపుకి చేరాలంటే ఐదున్నరకే బయల్దేరాలి. చివరి గమ్యం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావడాన్నే ఆఫీసుల్లో ప్లానింగ్ అంటారు.

వనపర్తిలో అయితే...

సంస్థానాధీశుల ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్ దగ్గర కలుసుకుని బయల్దేరొచ్చు. శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి వైపు వెళ్లాలా, సైఫన్లతో నీళ్లు వదిలే సరళాసాగర్ వైపు వెళ్లాలా అన్నది జట్టు శక్తిని బట్టి నిర్ణయించుకోవాలి. పెబ్బేరు, కొత్తకోట రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదున్నవే. హైదరాబాద్ - బెంగళూరు లారీలు, బస్సులు దూసుకుపోయే దారి అది. కొత్తవాళ్లను దాని మీదికి ఎక్కించకుండా తీసుకెళ్లే రూటు ఉందేమో ముందురోజే వెళ్లి చూసిరావాలి. లేదంటే గమ్యాన్నే మార్చుకోవాలి. ‘ఈ రూటు వద్దు’ అని చెప్పగలగడం కూడా లీడర్ పనే.

బయల్దేరేముందు ప్రతి సైకిల్‌కూ మూడు చూడాలి. టైర్లలో గాలి, బ్రేకులు, చైను. హెల్మెట్ లేనివారిని రోడ్డెక్కించొద్దు. స్థానిక పోలీసులకు ముందే సమాచారమివ్వాలి. పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్, ఫస్ట్ ఎయిడ్ కిట్ ఎవరి బ్యాగులో ఉన్నాయో అందరికీ తెలియాలి. గేర్ల సైకిల్ లేదని ఆగిపోవద్దు. కండిషన్‌లో ఉన్న మామూలు సైకిల్ చాలు.

షాపులో ఇవి అడగండి

షాపుకి చేరాక సెల్ఫీలతో సరిపెట్టొద్దు. పండుగ రోజు ఉచిత చెకప్ క్యాంపు పెడితే, ఓ పూట మెకానిక్ పక్కన నిలబడండి. ట్యూబ్ విప్పి నీళ్లలో ముంచి చిల్లు పట్టుకోవడం, రిమ్ము బెండు తీయడం, బ్రేకు రబ్బర్లు మార్చడం చేతికి రావాల్సిన విద్యలు. మెకానికల్ విద్యార్థులు క్లాసులో చదివిన గేర్ రేషియో ఇక్కడ కాలి కింద తెలుస్తుంది.

కామర్స్, డిగ్రీ విద్యార్థులు ఓనర్‌ని అడగాల్సినవి వేరు. ఏ నెలల్లో అమ్మకాలెక్కువ? ఏ స్పేర్ ముందుగా అయిపోతుంది? అమ్మకం మీద లాభమెక్కువా, సర్వీస్ మీదనా? ఆన్‌లైన్‌లో కొన్న సైకిల్ బిగించమని వస్తే ఏం తీసుకుంటారు? ఈ నాలుగు జవాబులు తెలిస్తే రిటైల్ వ్యాపారం సగం అర్థమైనట్టే.

ఉద్యోగానికీ సైకిల్‌కూ లింకుంది

పోస్టాఫీసుల్లో గ్రామీణ డాక్ సేవక్ నోటిఫికేషన్ తీసి చూడండి. పదో తరగతి, కంప్యూటర్ పరిజ్ఞానంతో పాటు సైకిల్ తొక్కడం రావాలన్నది కూడా అర్హతల్లో కనిపిస్తుంది. స్కూటర్, బైక్ నడపడం వచ్చినా సరిపోతుంది. దీనికి రాతపరీక్ష ఉండదు, పదో తరగతి మార్కుల మెరిట్‌తోనే ఎంపిక. ఇక పోటీల్లో పతకాలు సాధించే స్థాయి ఉన్నవారికి రైల్వేలాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా దారి ఉంటుంది. అయితే అది ఏళ్ల సాధన. ఆదివారం రైడ్ సర్టిఫికెట్‌తో వచ్చేది కాదు.

ఎక్కువ దూరం తొక్కాలనుకునేవారు బ్రెవే రైడ్‌ల గురించి తెలుసుకోవాలి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. దారిలో పంక్చర్ పడినా, ఆకలేసినా ఎవరికి వారే చూసుకోవాలి. ఎవరు ముందొచ్చారన్న ర్యాంకులుండవు. గడువులోపు పూర్తి చేశారా లేదా అన్నదే లెక్క.

రెజ్యూమెలో ఏం రాయాలి?

‘సైక్లింగ్ ఈవెంట్‌లో పాల్గొన్నాను’ అని రాస్తే చదివేవారి చూపు అక్కడ ఆగదు. అదే, ‘24 మంది రైడ్‌కు రూటు తయారుచేశాను. ప్రమాదకరమైన రోడ్డు తప్పించడానికి గమ్యం మార్చాను. రెండు పంక్చర్ల వల్ల 20 నిమిషాలు ఆలస్యమైనా అందరం క్షేమంగా చేరాం’ అని రాసి చూడండి. తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. చేసిన పని కాబట్టి మీరూ తడుముకోరు. ఆలస్యాన్ని దాచాల్సిన పనిలేదు, దాన్నెలా సర్దుకున్నారన్నదే వాళ్లకు కావాలి. చేయనిది మాత్రం రాయొద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఈ వారమే నలుగురు స్నేహితులు కలిసి దగ్గర్లోని సైకిల్ షాపుకి వెళ్లండి. ‘అన్నా, ఓ ఆదివారం మేం పాతికమందిని తీసుకొస్తాం, మీరు చెకప్ క్యాంపు పెడతారా?’ అని అడగండి. ఆయన సరేనంటే లీడర్ ఎవరు, స్వీపర్ ఎవరు, లెక్కలు రాసేదెవరో అక్కడే పంచుకోండి. ఏ పనికీ ఎవరూ ముందుకు రాకపోతే, స్వీపర్ పని మీరు తీసుకోండి. అందరికంటే ఎక్కువ నేర్చుకునేది అక్కడే.