ఫైలకా ద్వీపంలో ఒక రోజు

ఓడ పొద్దున్నే ఒక దీవి రేవులో ఆగుతుంది. ప్రయాణీకులంతా దిగి, నాలుగు చోట్లు చూసుకుని, సాయంత్రం ఓడ కదిలేలోగా ఎక్కేయాలి. కరేబియన్ క్రూజ్‌లకు వెళ్ళొచ్చిన మన అమెరికా బంధువులు ఈ ‘షోర్ ఎక్స్‌కర్షన్’ల గురించి గంటల తరబడి చెబుతుంటారు. అంత ఖర్చూ, అన్ని సెలవులూ మనందరికీ కుదరవు గానీ, అలాంటి రోజు ఒకటి కువైట్‌లోనే ఉంది. కువైట్ సిటీకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఉన్న ఫైలకా ద్వీపం.

సాల్మియా వైపు నుంచి ఫెర్రీలో వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తే, దీవి మీద నికరంగా మిగిలేది నాలుగైదు గంటలే. చాలా కుటుంబాలు ఆ సమయమంతా విడిది దగ్గర భోజనాలకీ, ఆటలకీ సరిపెట్టేసి వస్తారు. తప్పేమీ లేదు. కానీ పిల్లలకు కాస్త చరిత్ర తెలియాలనుకుంటే ఒక రెండు గంటలు పక్కన పెట్టండి.

ముందుగా చూడవలసినవి దీవి నైరుతి మూలనున్న దిబ్బలు. 1958లో డెన్మార్క్ పురాతత్వవేత్తలు ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. సుమారు 4000 ఏళ్ళ నాటి దిల్మున్ నాగరికత ఇళ్ళూ, గుడీ, వందల కొద్దీ గుండ్రటి ముద్రలూ బయటపడ్డాయి. ఈ ముద్రలు బలపపు రాయితో చేసినవి, రూపాయి బిళ్ళంత ఉంటాయి. వాటి మీద జింకలు, ఎద్దులు, కుండలోంచి పొడుగాటి గొట్టాలతో పానీయం తాగే మనుషులు. పిల్లలు దీన్ని చూస్తే స్ట్రా మన కాలంలో పుట్టిందని అనుకోరు! దిల్మున్ వర్తకులు ఒకవైపు ఇరాక్ నేలతో, మరోవైపు సింధు తీరంతో వ్యాపారం చేసేవారు. సింధు లిపి గుర్తులున్న ముద్ర కూడా ఇక్కడ దొరికింది. అంటే మన ఉపఖండానికీ ఈ తీరానికీ ఉన్న రాకపోకలు చమురుతో మొదలైనవి కావన్నమాట.

దాని పక్కనే గ్రీకుల కోట ఉంది, క్రీ.పూ. 3వ శతాబ్దం నాటిది. ఈ దీవికి ‘ఇకారోస్’ అని పేరు పెట్టమన్నది అలెగ్జాండరేనని గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాశాడు. ఆయన మాత్రం ఇక్కడ అడుగు పెట్టలేదు. 1937లో ఇక్కడ ఒక రాతి శాసనం దొరికింది. సోటెలెస్ అనే ఏథెన్స్ వాడూ, సైనికులూ కలిసి రక్షకుడైన జ్యూస్‌కూ, పొసైడన్‌కూ, రక్షకురాలైన ఆర్టెమిస్‌కూ సమర్పించినది. ఊరు కాని ఊళ్ళో క్షేమంగా ఉండాలని సొంత దేవుళ్ళకు మొక్కుకోవడం మనకు కొత్తగా అనిపించదు కదా. దీవి నడుమ అల్ ఖుసూర్ వద్ద పాత చర్చి అవశేషాలు కూడా ఉన్నాయి. కాలం చాలకపోతే అది మరోసారికి వదిలేయవచ్చు.

వదిలేయకూడనిది అల్ జోర్ గ్రామం. దక్షిణాన రిఫైనరీ ఉన్న అల్ జోర్ వేరు, ఇది వేరు. 1990 ఆగస్టు వరకు ఫైలకాలో బడులు, బ్యాంకు, మసీదులతో సంసారాలు సాగేవి. ఇరాక్ సైన్యం వచ్చి దీవి వాళ్ళందరినీ ఖాళీ చేయించింది. విముక్తి తరువాత మందుపాతరలు తీసేశారు, ప్రభుత్వం ఇంటివారికి పరిహారం ఇచ్చింది. ఊరు మాత్రం మళ్ళీ నిండలేదు. గుళ్ళ దెబ్బలు తిన్న గోడలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి.

ఇక్కడ పిల్లలకు మన కథ కూడా చెప్పాలి. అదే ఏడాది సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి చేర్చారు. ఎక్కువ మంది అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలెక్కారు. వారిలో కడప, గోదావరి జిల్లాల వాళ్ళూ ఉన్నారు. యుద్ధం ముగిశాక మనవాళ్ళు ఎందరో సముద్రం దాటి మళ్ళీ కువైట్ వచ్చారు. ఫైలకా వాళ్ళు 20 కిలోమీటర్ల దూరంలోని సొంత ఊరికి మళ్ళీ కాపురానికి వెళ్ళలేదు. ఏ వాకిట్లోనైనా ఒక నిమిషం నిలబడి ఈ మాట చెప్పండి. పెద్ద పాఠం అక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు. నవంబరు నుంచి మార్చి వరకే వెళ్ళండి, నీడ బహు తక్కువ. సివిల్ ఐడి, నీళ్ళు, టోపీలు దగ్గరుంచుకోండి. పాడుబడ్డ ఇళ్ళలోకి పిల్లలను పోనివ్వకండి. నేల మీద కనిపించిన ఇనుప వస్తువులు ముట్టుకోనివ్వకండి. పెంకుముక్క కూడా జ్ఞాపికగా తెచ్చుకోకూడదు. తవ్వకాల చోట కంచె ఉంటే లోనికి అనుమతి ఉందేమో ముందే కనుక్కోండి. సముద్రం పడనివాళ్ళు మాత్ర వేసుకుని ఎక్కడం మంచిది. తిరుగు ఫెర్రీ సమయం దిగీ దిగగానే అడిగి రాసుకోండి, గాలి లేస్తే మార్చేస్తారు.