నర్వ్ అంటే నరమేనా?

కొంతకాలం క్రితం అమెరికాలో ఉన్న కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ “కాలి నరాలు లాగేస్తున్నాయి” అన్నారు. కొడుకు ఆ మాటను ఇక్కడి వైద్యుడికి ‘నర్వ్’ నొప్పి అని చెప్పాడు. ఆవిడకు మధుమేహం ఉండటంతో వైద్యుడు నాడుల మంటను తగ్గించే మందు రాసి పంపాడు. వారం తరవాత నేను చూసేసరికి ఎడమ పిక్క వాచి, వేడిగా ఉంది. లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరకముందే చికిత్స మొదలుపెట్టగలిగాం. తల్లి తన బాధను సరిగానే చెప్పింది. కొడుకు నిఘంటువులో ఉన్న అర్థమే చెప్పాడు. మరి పొరపాటు ఎక్కడ జరిగింది?

తెలుగులో ‘నరం’ ఏదో ఒక్క అవయవానికి పేరు కాదు. శరీరంలో తాడులా, దారంలా కనిపించేవాటికీ తగిలేవాటికీ ఉమ్మడి పేరు. సూది గుచ్చబోతూ నర్సు “నరం దొరకడం లేదు” అంటే అది సిర. “మెడ నరం పట్టేసింది” అంటే చాలాసార్లు అది కండరం. ‘నరం లేని నాలుక’ అన్న నానుడిని శరీరశాస్త్రం ఒప్పుకోదు. నాలుకను ప్రధానంగా కదిలించేది 12వ కపాల నాడి. అక్కడ నరమంటే బిగించి పట్టి ఉంచే తాడు అని నాకు తోస్తుంది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మేము సిర, ధమని, నాడి, స్నాయుబంధనం అని నాలుగు మాటలు బడిలో నేర్చుకున్నాం. ఇంటికి వస్తే నాలుగూ నరాలే. పైగా ‘నాడి చూడటం’ అంటే ధమని కొట్టుకోవడాన్ని చూడటం!

ఇది తెలుగుకు మాత్రమే ఉన్న లోపమని అనుకోనక్కరలేదు. ‘నర్వ్’కు మూలమైన లాటిన్ ‘నెర్వుస్’, దానికి సోదరపదమైన గ్రీకు ‘న్యూరాన్’ రెండింటికీ తొలి అర్థం స్నాయుబంధనం, వింటినారి. తమిళంలో ‘నరంబు’ యాళ్ వాద్యపు తంత్రి కూడా. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ మానవదేహాలను కోసి పరిశీలించి, స్పర్శనూ కదలికనూ మోసే నాడులను విడిగా గుర్తించారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ పంది గొంతులోని నాడిని కోసి, దాని అరుపు ఆగిపోవడాన్ని అందరి ఎదుటా చూపించాడు. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. పలకలా పరుచుకున్న స్నాయుబంధనాన్ని నేటికీ ‘అపోన్యూరోసిస్’ అనే అంటాం. అందులోని ‘న్యూరో’కు నాడితో సంబంధం లేదు. ఒకప్పుడు దృఢమైన, బలిష్ఠమైన అనే అర్థంలో కూడా వాడిన ‘నర్వస్’ ఇప్పుడు బెదురుకు పేరయింది. ‘నర్వ్’ మాత్రం ధైర్యమనీ, తెగింపు అనీ కూడా అర్థమిస్తోంది.

వైద్యంలో ‘నర్వ్’ అర్థం ఇలా ఒక్కదానికే కుదించుకుపోయింది. వాడుకలో మన ‘నరం’ విశాలంగానే మిగిలింది. ఒక మాటకు బదులు మరొక మాట పెట్టగానే పెద్దావిడ చెప్పిన బాధలో సగం జారిపోయింది.

అందువల్ల ఆసుపత్రిలో పెద్దలకు దుబాసీగా కూర్చునేవారికి నా విన్నపం ఒకటే. ‘నరం’ అన్న మాటను అనువదించకండి. ఎక్కడో వేలితో చూపించమనండి, ఎలా ఉందో అడగండి. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం సాధారణంగా నాడికి సంబంధించినవి. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గితే ధమనిని అనుమానించాలి. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి ఉబ్బితే సిరలను చూడాలి. ఒక కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే ఆ రోజే వైద్యుడికి చూపించాలి. ఆయాసమో ఛాతీనొప్పో తోడైతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. పెద్దావిడ విషయంలో “అమ్మా, ఏ నరం?” అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆవిడ చెయ్యి ఆ వాచిన పిక్క మీదికే వెళ్ళి ఉండేది.