వీధి చిత్రానికి చిన్న కెమెరా

1925లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో జరిగిన వర్తక ప్రదర్శనలో 'లైకా' అనే చిన్న కెమెరా ప్రజల ముందుకు వచ్చింది. దానిని రూపొందించినవాడు ఆస్కార్ బార్నాక్. అంతవరకు వృత్తి ఛాయాచిత్రకారులలో ఎక్కువమంది బరువైన పెట్టె కెమెరాను ముక్కాలి స్టాండుపై నిలిపి, ఎదుటివారిని కదలక మెదలక ఉండమని చెప్పి చిత్రం తీసేవారు. సినిమా ఫిల్ముతో పనిచేసే ఈ కొత్త యంత్రం అరచేతిలో ఇమిడి, ఛాయాచిత్రకారుణ్ణి జనంలో కలిసిపోనిచ్చింది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ తన లైకాపై తళతళలాడే లోహభాగాలు ఎవరి కంటా పడకుండా వాటికి నల్లని పట్టీ అంటించుకొని వీధులలో తిరిగేవాడు. 1948లో గాంధీజీ అంత్యయాత్ర నాటి జనసముద్రాన్ని ఆయన చిత్రించింది కూడా అటువంటి చేతి కెమెరాతోనే.

ఇట్లా బహిరంగ స్థలాలలో సాగే సహజ జీవితాన్ని ఉన్నదున్నట్లు పట్టుకోవడమే వీధి ఛాయాచిత్రణం. దీనికి పూనుకొనే నేటి యువకులలో చాలామందికి మరొక కోరిక కూడా ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం స్పష్టంగా కనిపించాలి. వెనుక ఉన్నదంతా మంచుతెరలో మునిగినట్లు మసకబారాలి. కెమెరా చిన్నదిగా ఉండాలనే కోరికకూ, ఈ కోరికకూ పొత్తు కుదరడం కష్టం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లు ఒకదానికై రెండవదానిని కొంత వదులుకోవలసి వస్తుంది. కారణం తెలియనివారు దుకాణంలో మాటలకు లోబడి డబ్బు పోగొట్టుకుంటారు.

కటకం నిజానికి ఒకే ఒక్క దూరంలో ఉన్న వస్తువును పూర్తి స్పష్టతతో చూపగలదు. దానికి కొంత ముందూ, కొంత వెనుకా ఉన్నవి కూడా మన కంటికి స్పష్టంగానే తోస్తాయి. ఈ మేరను స్పష్టత లోతు అందాం. మనిషి దగ్గరగా ఉన్నకొద్దీ, కటకపు ద్వారం వెడల్పుగా తెరుచుకొన్నకొద్దీ ఈ లోతు తగ్గి, వెనుకభాగం మసకబారుతుంది. నాభ్యంతరాన్ని ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. కెమెరా పెట్టెపై పెద్ద అక్షరాలతో కనిపించేది ఇదే. చిక్కంతా ఇక్కడే ఉంది. సాధారణమైన చిన్న కెమెరాలో సెన్సారు సుమారు 6 మి.మీ. వెడల్పు మాత్రమే ఉంటుంది; దానికి తగినట్లు కటకపు నాభ్యంతరం 5 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. అందులో ఎఫ్ 2.8 అంటే ద్వారం ఆవగింజంత, దాదాపు 1.8 మి.మీ. సెన్సారు 36 మి.మీ. వెడల్పు ఉండి, కటకం నాభ్యంతరం 35 మి.మీ. అయితే ఎఫ్ 2 వద్ద ద్వారం 17.5 మి.మీ., అంటే ఇంచుమించు కుంకుడుకాయంత ఉంటుంది. మొదటి కెమెరాతో 2 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే, సుమారు 1 మీటరు మొదలుకొని కనుచూపు మేర వరకు అన్నీ స్పష్టంగానే వస్తాయి. రెండవదానితో ఆ లోతు 40 సెం.మీ. మాత్రమే. కనుక కొనేటప్పుడు ఎఫ్ సంఖ్యకంటె ముందు సెన్సారు కొలత అడగాలి.

ఈ రెండింటికీ నడుమ, సుమారు 23.5 మి.మీ. వెడల్పు సెన్సారుతో వచ్చిన జేబు కెమెరాలు ఈ పనికి అనువైనవి. 2011లో వచ్చిన ఫ్యూజీ ఎక్స్100లో 23 మి.మీ. కటకం ఎఫ్ 2 వరకు తెరుచుకొంటుంది. 2 మీటర్ల వద్ద దాని స్పష్టత లోతు దాదాపు 60 సెం.మీ. 2019 నాటి రికో జీఆర్3 బరువు బ్యాటరీతో కలిపి 257 గ్రాములే. చొక్కా జేబులో పడుతుంది. కాని దాని 18.3 మి.మీ. కటకం ఎఫ్ 2.8 దాటి తెరుచుకోదు. 2 మీటర్లలో నిలిచిన మనిషిని తీస్తే 1.5 మీటర్ల నుండి 3 మీటర్ల వరకు స్పష్టంగా ఉంటుంది. 1 మీటరు దగ్గరకు వెళ్ళగలిగితే లోతు 35 సెం.మీ.కు తగ్గుతుంది. అంత దగ్గరకు అపరిచితుని వద్దకు వెళ్ళడం ధైర్యంతో కూడిన పని. మసక ముఖ్యమైతే ఎక్స్100, కంటపడకపోవడం ముఖ్యమైతే జీఆర్ మేలని నా అభిప్రాయం. రెండూ ఖరీదైనవే, పాతవి కొనేవారు కటకంలో బూజు పట్టిందేమో వెలుగులో చూసుకోవాలి. సెల్‌ఫోన్లు మసకను లెక్కగట్టి సృష్టిస్తాయి గాని, చెదిరిన జుట్టు, గాజుల అంచుల వద్ద ఆ లెక్క తరచు తప్పుతుంది.

మన ఎండ మరొక సమస్య. ఎక్స్100ను నడిఎండలో ఎఫ్ 2 వద్ద వాడాలంటే షట్టరు సెకనులో 12,800వ వంతు తెరుచుకొని మూసుకోవాలి. కటకంలోనే అమరిన దాని షట్టరు చప్పుడు లేనంత మెత్తనిదైనా, ఆ ద్వారం వద్ద సెకనులో 1,000వ వంతుకు మించి పోలేదు. వెలుగును 8వ వంతుకు తగ్గించే వడపోత లోపలే ఉన్నా, ద్వారాన్ని ఎఫ్ 2.8కు తగ్గించక తప్పదు. ఈ తంటాలన్నీ ఉదయ సాయంకాలాలలో ఉండవు.

ఇంతా చేసి, మసక ఎంత కావాలన్నది ఆలోచించదగినది. చార్మినారు పక్కనున్న లాడ్‌బజారులో గాజులమ్మే వ్యాపారిని తీస్తూ వెనుక వరుసలన్నిటినీ మసకలో కలిపివేస్తే, అది ఏ ఊరి చిత్రమైనా కావచ్చు. ఆ గాజుల మెరుపు కొంత నిలవాలి. జీఆర్‌లో ఫోకస్‌ను ముందుగానే 2 మీటర్లకు బిగించి ఎఫ్ 8 పెడితే, 1 మీటరు నుండి వీధి చివరి దాకా స్పష్టంగా ఉంటుంది. క్షణం ఆలస్యం లేకుండా చిత్రం తీయవచ్చు. వెడల్పు ద్వారంతోనైతే మనిషి ఒక అడుగు కదిలినా ముఖం చెదిరిపోతుంది.

చప్పుడు, ఫ్లాషు, ఫోకస్‌కై వెలిగే చిన్న దీపం ఈ మూడింటినీ ముందే ఆపివేయాలి. జనం సహజత్వం చెడకుండా ఉండటానికే ఈ గోప్యత. వారి దుఃఖాన్నీ, నిస్సహాయతనూ దొంగచాటుగా తీసుకుపోవడానికి మాత్రం తగదు. ఎవరైనా చేయి అడ్డుపెడితే కెమెరా దించాలి. పిల్లలైతే పక్కనున్న పెద్దలను అడగాలి. తీసిన చిత్రాన్ని వెనుక తెరపై ఆ మనిషికి చూపవచ్చు; వద్దంటే అతని ఎదుటనే చెరిపివేయవచ్చు. ఫిల్ముతో పనిచేసినవారికి ఈ వీలు లేదు.