ఎండలో చల్లారే ఇంజిన్

కడప జిల్లా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీల గేట్ల ముందు, కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో బూడిద నింపుకునే చోట, బేతంచెర్ల నాపరాళ్ల యార్డుల్లో లారీలు వరుస కట్టి నిలబడడం మామూలే. చాలాసార్లు బండి ఆగినా ఇంజిన్ ఆగదు. వరుస ఎప్పుడు కదులుతుందో తెలియదు. బ్యాటరీ పాతది, మళ్లీ సెల్ఫ్ అందుకుంటుందో లేదో. బ్రేకుల ఎయిర్ దిగిపోతుందేమో. క్యాబిన్‌లో ఏసీ కావాలి. ఈ కారణాలన్నిటి వెనక ఒక నమ్మకం కూడా ఉంది: డీజిల్ ఇంజిన్ మొండిది, లోడు లేకుండా స్లో మీద ఎంతసేపు తిరిగినా దానికేమీ కాదని. ఇలా పని లేకుండా ఇంజిన్ తిప్పడం, అంటే ఐడిలింగ్ వల్ల నష్టమనేది మంచు కురిసే దేశాల సంగతనీ, మే నెలలో 44 డిగ్రీలు కాసే కర్నూలు, నంద్యాలలకు అది వర్తించదనీ అనేవాళ్లూ ఉన్నారు. కానీ డీజిల్ ఇంజిన్ బరువు లాగినప్పుడే కాదు, పని లేకుండా తిరిగినప్పుడూ చెడుతుంది. బయట ఎండ ఎంత మండుతున్నా స్లో మీద తిరిగే సిలిండర్‌లో మంట మాత్రం చల్లారుతుంది.

దీనికి కారణం డీజిల్ ఇంజిన్ పనిచేసే తీరులోనే ఉంది. పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదిలితే గాలీ, ఇంధనమూ రెండూ తగ్గుతాయి. డీజిల్ ఇంజిన్‌లో తగ్గేది ఇంధనమే. గాలి పీల్చడానికి పిస్టన్ దిగిన ప్రతిసారీ సిలిండర్ నిండా గాలి వస్తూనే ఉంటుంది. లెక్క కట్టి చూద్దాం. ఆరు లీటర్ల ఇంజిన్ నిమిషానికి 650 చుట్లు తిరుగుతోందనుకుంటే గంటకు దాదాపు లక్ష లీటర్ల గాలి పీలుస్తుంది. మన వేసవి వేడిలో ఆ గాలి బరువు సుమారు 120 కిలోలు. ఆ గంటలో కాలే డీజిల్ లీటరున్నర, అంటే కిలోపావు. ఒక పాలు ఇంధనానికి వంద పాళ్ల గాలి! పూర్తి లోడు మీద ఇదే నిష్పత్తి ఒకటికి ఇరవై, పాతిక దగ్గర ఉంటుంది. ఇంత కొంచెం ఇంధనం పుట్టించే వేడి అంత గాలిలో పలచబడిపోతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు 500 డిగ్రీలు దాటే పొగ ఐడిలింగ్‌లో 100 నుంచి 150 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పచ్చి కట్టెల పొయ్యి సెగ ఇవ్వకుండా పొగచూరినట్టు, ఇక్కడా డీజిల్‌లో కొంత పూర్తిగా కాలదు. దానికి ఇంకో ఇబ్బంది తోడవుతుంది. పిస్టన్ రింగులను లైనర్‌కు గట్టిగా అదిమిపెట్టేది మండే వాయువుల ఒత్తిడే. లోడు లేనప్పుడు ఆ ఒత్తిడి తక్కువ కాబట్టి రింగులు సరిగా పట్టవు, కాలని డీజిల్ లైనర్ గోడల మీద ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి, ఆయిల్ ఛాంబర్‌లోకి జారుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోయే గుర్తు ఒకటి ఉంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గలేదు, పైగా కాస్త పెరిగినట్టుంది. ఇంజిన్ ఆయిల్ తాగడం లేదని సంతోషిస్తారు. అక్కడ చేరింది డీజిల్ కావచ్చు. డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులకు కావలసినంత పొర ఇవ్వలేదు. ఆ కల్తీ ఐదు శాతం దాకా వచ్చిందంటే ఆయిల్ మార్చక తప్పదు. మరోపక్క నాజిళ్ల కొనల మీదా, వాల్వుల మీదా, రింగుల గాడుల్లోనూ మసి గట్టిపడుతుంది. టర్బో లోపల గాలి ఒత్తిడి చాలక సీళ్ల పక్కనుంచి ఆయిల్ చెమ్మగిలుతుంది. సైలెన్సర్ దగ్గర తడి నల్లటి జిడ్డు కనిపించిందంటే ఇది చాలా రోజులుగా సాగుతోందని అర్థం. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చిక్కు ఇంకా ఎక్కువ. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే యూరియా ద్రావణం సరిగా పనిచేయాలంటే పొగ 200 డిగ్రీలైనా ఉండాలి. మసిని పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. గంటల ఐడిలింగ్ ఆ రెండిటికీ అవకాశం ఇవ్వదు.

టెంపరేచర్ మీటరు 80 డిగ్రీల మీదే ఉంది కదా, ఇంజిన్ చల్లబడిందని ఎలా అంటారు? ఇది న్యాయమైన ప్రశ్నే. ఆ మీటరు చూపేది రేడియేటర్ నీటి వేడిని, మంట వేడిని కాదు. థర్మోస్టాట్ మూసుకుని నీటిని వేడిగా నిలబెట్టినా పిస్టన్ తలా, వాల్వులూ లోడులో ఉన్నంత వేడిగా ఉండవు. చలిదేశాల్లో నీరు కూడా చల్లబడిపోతుంది కాబట్టి అక్కడ చెడు త్వరగా ముదురుతుంది. రాయలసీమలో నెమ్మదిగా ముదురుతుంది. తేడా వేగంలోనే గానీ జబ్బులో లేదు. పైగా మన ఎండ దానికి ఇంకో రెండు కష్టాలు కలుపుతుంది. నిలిచిన బండికి ఎదురుగాలి ఉండదు, వాటర్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ఏసీ వదిలే వేడి రేడియేటర్ మీదికే వస్తుంది. సిమెంటు దుమ్ముతో రేడియేటర్ రెక్కలు మూసుకుపోయి ఉంటే నీరు మరగడానికి ఎక్కువసేపు పట్టదు. వేడెక్కి పలచబడిన ఆయిల్‌కు తక్కువ చుట్ల మీద ప్రెషర్ కూడా పడిపోతుంది. ఒకే ఇంజిన్‌లో మంట చల్లగానూ, దాని చుట్టూ ఉన్నవి వేడిగానూ ఉండే విచిత్ర పరిస్థితి ఇది.

పాత లారీలు ఇలాగే రాత్రంతా ఆడి లక్షల కిలోమీటర్లు తిరగలేదా అని అనుభవజ్ఞులైన డ్రైవర్లు అడుగుతారు. తిరిగాయి. టర్బో లేని, పొగ శుద్ధి పరికరాలు లేని ఆ ఇంజిన్లు చాలా భరించాయి. కానీ వాటి ఆయుష్షును మనం కొలిచింది కిలోమీటర్లలో. ఆగి తిరిగిన గంటలు ఏ మీటరులోనూ పడలేదు. బండి తొందరగా ఇంజిన్ బోరు పనికి వస్తే తప్పు దుమ్ము మీదికో, కల్తీ డీజిల్ మీదికో, డ్రైవర్ మీదికో పోయేది. ఫోర్డ్ వంటి తయారీదారులు గంట ఐడిలింగ్‌ను 40, 50 కిలోమీటర్ల పరుగుతో సమానంగా లెక్కగడతారు. ఆ లెక్కన రోజుకు ఐదు గంటలు గేటు దగ్గర ఆడిన బండి, ఓడోమీటర్ కదలకుండానే కర్నూలు నుంచి కడపకు వెళ్లినంత అరుగుతుంది. కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చే యజమాని ఆ ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

మళ్లీ స్టార్ట్ చేయడం వల్ల నష్టం ఎక్కువన్నది కూడా నిలబడని మాట. మన వాతావరణంలో వేడి ఇంజిన్ రెండు మూడు చుట్లకే అందుకుంటుంది, దానికయ్యే డీజిల్ కొన్ని సెకన్ల ఐడిలింగ్‌కు సరిపోతుందంతే. సెల్ఫ్ అందుకోదేమోనన్న భయం ఉంటే మార్చాల్సింది బ్యాటరీ. బండి ఆపిన కాసేపటికే ఎయిర్ దిగిపోతుంటే పైపుల్లో లీకు ఉన్నట్టు. అది బ్రేకుల భద్రతకే ముప్పు, ఇంజిన్ ఆడించి కప్పిపుచ్చకూడదు. అయితే ఒక మినహాయింపు ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన బండిని వెంటనే ఆపేస్తే ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ మాడి బొగ్గవుతుంది, అందుకే మూడు నుంచి ఐదు నిమిషాలు స్లో మీద ఉంచడం అవసరం. ఆ తర్వాత తిరిగే ప్రతి నిమిషమూ దండగే.

అయినా ఆపడానికి వీల్లేని సమయాలుంటాయి. రాత్రంతా బండి నడిపిన మనిషి మధ్యాహ్నం వడగాలిలో ఏసీ లేకుండా నిద్రపోలేడు, నిద్ర లేని డ్రైవర్ రోడ్డు మీద అందరికీ ప్రమాదమే. అలాంటప్పుడు ఏం చేయాలో రాయలసీమ రోడ్లే చెబుతాయి. బోర్లు వేసే రిగ్గు కంప్రెసర్ ఇంజిన్ ఒకేచోట నిలబడి గంటల తరబడి తిరుగుతుంది, దానికి ఈ జబ్బు రాదు. బూడిద మోసే బల్కర్ లారీని అన్‌లోడ్ చేసేటప్పుడు కంప్రెసర్‌ను తిప్పే ఇంజిన్‌కూ రాదు. వాటి మీద పని ఉంది కాబట్టి మంట వేడిగా ఉంటుంది. కనుక తప్పనిసరైతే 600, 650 చుట్ల మీద వదిలేయకుండా, మాన్యువల్ అనుమతించినట్టు చుట్లను వెయ్యికో, ఆ పైకో పెంచి ఏసీ వేసి ఉంచడం మేలు. డీజిల్ కాస్త ఎక్కువ కాలుతుంది గానీ ఆయిల్ ప్రెషర్, నీటి ప్రవాహం, ఆల్టర్నేటర్ అన్నీ కుదుటపడతాయి. ఆ తర్వాత లోడుతో అరగంటైనా బండి గట్టిగా లాగితే పట్టిన మసిలో చాలా భాగం కాలిపోతుంది. రేడియేటర్, గాలి ఫిల్టరు దుమ్ము దులపాలి. గంటకు లక్ష లీటర్ల గాలి ఆ ఫిల్టరు గుండానే పోతోంది. ఆయిల్ మార్పును కిలోమీటర్లతో పాటు ఇంజిన్ గంటలతోనూ లెక్కించాలి.

ఈ పనులు డ్రైవర్ ఒక్కడి మీద వేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. డీజిల్ పొగను క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. గేటు వరుసలో దాన్ని పీల్చేది డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు. కాలిఫోర్నియాలో ఆగిన లారీ ఇంజిన్ ఐదు నిమిషాలకు మించి తిరగకూడదన్న నిబంధన ఉంది. మన దగ్గర నిబంధన కంటే ముందు నీడ కావాలి. రోజుకు ఎనిమిది గంటలు ఆగే బండి గంటకు లీటరున్నర చొప్పున పన్నెండు లీటర్లు తగలేస్తుంది. లీటరు వందకు దగ్గరగా ఉన్న ధరకు అది పన్నెండు వందల రూపాయలు. వరుసలో వంద బండ్లుంటే రోజుకు లక్ష దాటుతుంది. ఫ్యాక్టరీ యాజమాన్యాలు, లారీ యజమానుల సంఘాలు కలిసి టైము రాసిన టోకెన్లు ఇవ్వాలి, గేటు పక్కనే ఫ్యాన్లూ, మంచాలూ, మంచినీళ్లూ ఉన్న షెడ్డు కట్టాలి. ఆ షెడ్డు ఖర్చుకు ఈ డీజిల్ డబ్బే చాలు.