ముహూర్తానికి ఇరవై రోజులు... లేజరు చేయించవచ్చా?

"అమ్మాయికి పెళ్ళి కుదిరిందండీ డాక్టరు గారూ. ఇరవై రోజుల్లో ముహూర్తం. ఈలోగా గడ్డం కింద వెంట్రుకలు లేజరుతో తీయించేస్తే పీడ విరగడవుతుంది" అంటూ కిందటేడు వేసవిలో ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకు వచ్చింది. అమ్మాయి తల ఎత్తలేదు. చున్నీ అంచు గడ్డానికి అడ్డం పెట్టుకు కూర్చుంది.

ఇప్పుడు చేయకూడదన్నాను. తల్లికి కోపం వచ్చింది. "డబ్బు గురించి ఆలోచించకండి" అంది. డబ్బు సంగతి కాదమ్మా, చర్మం సంగతి అని ఆవిడకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే ఈ ప్రశ్న అడిగేవాళ్ళు చాలామంది.

లేజరంటే కత్తీ కాదు, మందూ కాదు. ఒక రకం వెలుగు. ఎండలో నల్లబట్ట వేడెక్కినంతగా తెల్లబట్ట వేడెక్కదని మనకు తెలుసు. అలాగే వెంట్రుకలో ఉండే మెలనిన్ అనే నల్లని పదార్థం ఈ వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి కుదురులోకి దిగి, వెంట్రుకను మళ్ళీ మొలిపించే కణాలను దెబ్బతీస్తుంది. ఈ సూత్రాన్ని 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించారు. వెంట్రుకలు తీయడానికి లేజరు వాడకం 1990ల మధ్యలో మొదలైంది. నెరిసిన వెంట్రుకల మీద ఇది ఎందుకు పనిచేయదో వేరే చెప్పనక్కర్లేదు.

చిక్కెక్కడంటే, అదే మెలనిన్ మన చర్మంలోనూ ఉంది. వెంట్రుకకు తగలవలసిన వేడి చర్మానికి తగిలితే కాలుతుంది, బొబ్బలెక్కుతుంది, తరవాత నల్లమచ్చో తెల్లమచ్చో మిగులుతుంది. కాబట్టి లేజరుకు ముందు మనం చేసుకోవలసినవి రెండు: కుదురులో వెంట్రుక ఉండేలా చూసుకోవడం, చర్మం ఎండకు నల్లబడకుండా కాపాడుకోవడం.

ఆ అమ్మాయి పది రోజులకోసారి త్రెడింగు చేయించుకుంటోంది. దారంతో లాగినా, వాక్సింగు చేసినా, చిమటాతో పీకినా వెంట్రుక వేరుతో సహా ఊడి వస్తుంది. ఇక లేజరు వేడెక్కించడానికి అక్కడ ఏముంది? నాలుగు నుంచి ఆరు వారాలపాటు ఇవన్నీ మానాలి. బ్లీచింగు కూడా వద్దు, అది వెంట్రుక రంగునే పోగొడుతుంది. ఈ లోపల వెంట్రుకలు కనబడితే బ్లేడుతో తీసుకోవచ్చు. లేజరుకు ముందురోజు అలా తీసుకునే రావాలి కూడా.

"బ్లేడా! మగపిల్లాడిలా గడ్డం మొలుస్తుందేమోనండీ!" అని తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. మొలవదు. బ్లేడు చర్మం పైనున్న వెంట్రుకను మాత్రమే కోస్తుంది. కోసిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. లోపలి వేరుకు ఆ సంగతే తెలియదు.

ఇక ఎండ. స్కూటరు మీద కాలేజీకో ఆఫీసుకో వెళ్ళే అమ్మాయిలకు ముఖం, చేతులు కమిలిపోయి ఉంటాయి. నాలుగు వారాలైనా గొడుగో, ముఖానికి బట్టో లేకుండా బయటికి వెళ్ళవద్దు. ఎస్.పి.ఎఫ్. 30కి తక్కువ కాని సన్‌స్క్రీను రాయాలి. మే నెలలో మొదలుపెట్టడం కంటే ఎండలు తగ్గాక మొదలుపెట్టడం మంచిది. మన ఛాయకు అన్ని యంత్రాలూ ఒకటి కాదు. చామనఛాయ, అంతకన్న నల్లని చర్మానికి ఎన్‌డి యాగ్ అనే లేజరు క్షేమం. ఏ యంత్రం వాడతారో, ముందు కొంచెం చోట పరీక్షించి చూస్తారో లేదో అడగండి. అడిగినందుకు విసుక్కునే చోట చేయించుకోకండి!

ఇంతవరకూ సులువే. ఆ అమ్మాయి విషయంలో నన్ను ఆపింది వేరే ఉంది. ముఖం బాగా తెల్లగా ఉన్నా చెంపల మీద ఎర్రటి సన్న నరాలు కనబడుతున్నాయి. ఏం రాస్తున్నావమ్మా అని అడిగితే సంచిలోంచి ఒక ట్యూబు తీసింది. స్నేహితురాలు చెప్పిందట, మందుల షాపులో కొన్నదట, రెండేళ్ళుగా రాత్రిపూట రాస్తోందట. చూద్దును కదా, స్టెరాయిడు! ముఖం తెల్లబడుతుందని మన ఊళ్ళలో ఎంతమంది ఇవి రాస్తున్నారో తలుచుకుంటే భయమేస్తుంది. ఇవి చర్మాన్ని పలచన చేస్తాయి, మొటిమలు తెస్తాయి, పైగా ముఖం మీద వెంట్రుకలు మొలిపిస్తాయి. ఏ వెంట్రుకలకు లేజరు కావాలని వచ్చిందో వాటిలో కొన్ని ఆ ట్యూబు ఇచ్చినవే కావచ్చు. అలాంటి చర్మం మీద లేజరు పెడితే కాలే భయం ఎక్కువ. ఒక్కసారిగా మానినా ముఖం మండి ఎర్రబడుతుంది, కాబట్టి డాక్టరు చెప్పినట్టు మానాలి.

బహిష్టులు సక్రమంగా వస్తున్నాయా అని అడిగాను. "అవన్నీ ఇప్పుడెందుకండీ" అని తల్లి తలుపు వైపు చూసింది. రెండు మూడు నెలలకోసారి వస్తాయని అమ్మాయే మెల్లగా చెప్పింది. బహిష్టులు తప్పుతూ, గడ్డం మీద బిరుసు వెంట్రుకలు వస్తుంటే అండాశయాల్లో నీటితిత్తులని మనం చెప్పుకునే పి.సి.ఓ.ఎస్. ఉందేమో రక్తపరీక్షలతో చూడాలి. లోపలి హార్మోను సరిచేయకుండా పైన ఎన్ని సిట్టింగులు చేసినా కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. మామూలుగానే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు కావాలి, ఒక్కోదానికీ మధ్య నెలా నెలన్నర ఎడం. ఆ తరవాతా వెంట్రుకలు బాగా తగ్గుతాయే గాని ఒక్కటీ లేకుండా పోవు.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ బిళ్ళలు, డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతున్నా, పెదవుల మీద తరచు నీటిపొక్కులు లేస్తున్నా, కడుపుతో ఉన్నా ముందే చెప్పాలి. రెటినాల్, ట్రెటినాయిన్ క్రీములు వారం ముందు ఆపాలి.

నొప్పి తెలియకుండా ఇంట్లోనే మత్తు క్రీము దట్టంగా పూసుకుని రావద్దు. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో ఇద్దరు యువతులు లేజరు కోసం కాళ్ళకు అలాంటి క్రీము పూసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నారు. మందు ఒంట్లోకి ఎక్కి, ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి ఇద్దరూ చనిపోయారు. 2007లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించింది. క్రీము అవసరమైతే డాక్టరే, ఎంత కావాలో అంతే రాస్తారు.

ఆ రోజున పసుపు, పౌడరు, కాటుక, సెంటు ఏవీ లేకుండా శుభ్రంగా కడుక్కుని రావాలి. చేతులకు చేయించుకునేటట్లయితే గోరింటాకు పండిన రంగు పూర్తిగా పోయేదాకా ఆగాలి.

ఆ అమ్మాయి పెళ్ళి త్రెడింగుతోనే జరిగింది. ఆషాఢంలో పుట్టింటికి వచ్చినప్పుడు తల్లీ కూతుళ్ళు మళ్ళీ వచ్చారు. అప్పటికి ట్యూబు మానడం మొదలుపెట్టింది, రక్తపరీక్షలూ చేయించింది. చర్మం కుదుటపడ్డాక, కార్తీకంలో మొదటి సిట్టింగు చేశాను. పదో రోజున ఫోను: "డాక్టరు గారూ, వెంట్రుకలు మళ్ళీ వచ్చేస్తున్నాయండీ!" అవి వచ్చేవి కావు తల్లీ, రాలిపోయేవి. లాగకు, ముఖం కడుక్కునేటప్పుడు వాటంతటవే పోతాయి అని చెప్పాను.